ముందు చక్రాల హబ్బు: చేత్తో తిప్పేదా, దానంతట అదే పడేదా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఐదెకరాల బత్తాయి తోట, దాని కింద మూడెకరాల వరి ఉంది. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి కొన్నాను. పన్నెండేళ్ల బండి, ముందు చక్రాలకు ఆటోమేటిక్ లాకింగ్ హబ్బులు ఉన్నాయి. మొన్నటి వానలకు తోట బాటలో నల్లరేగడి ముక్క దగ్గర దిగబడింది. లివరు ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే గేరులో వేశాను, మీటర్ల దగ్గర లైటు వెలిగింది. దిగి చూస్తే వెనక చక్రాలే తిరుగుతున్నాయి, ముందు చక్రాలు రెండూ కదల్లేదు. చివరికి ట్రాక్టరుతో లాగించాం. మెకానిక్ ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ హబ్బులు వేయించమంటున్నాడు. మాన్యువల్ అయితే ప్రతిసారీ దిగి చక్రం దగ్గర కూర్చుని తిప్పాలట. నా భార్య కూడా ఈ బండి నడుపుతుంది, పిల్లల్ని బడికి, మా నాయనను దవాఖానకు తీసుకెళ్తుంది. వానలో, బురదలో ఆమెను దిగమనడం నాకిష్టం లేదు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వస్తాను. ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అన్నా అని పిలిచారు కాబట్టి ఇంట్లో తమ్ముడికి చెప్పినట్టే చెప్తాను. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట, ముందు చక్రాలు రెండూ కదల్లేదన్నది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫోర్ వీల్ పడలేదని మాత్రమే చెప్తారు. మీరు దిగి, వంగి, చూశారు. ఆ చూపు వల్ల సగం సంగతి తేలిపోయింది. ఏది కొనాలన్నది తర్వాత చెప్తాను. ముందు ఆ రోజు మీ బండిలో ఏం జరిగిందో తెలుసుకుందాం. అది తెలియకుండా డబ్బు పెడితే వచ్చే వానకు మళ్లీ ట్రాక్టరే దిక్కవుతుంది.

మీరు లివరు వేయగానే గేర్ బాక్సు వెనకాల ఉండే ట్రాన్స్‌ఫర్ కేసులో ఒక పళ్లచక్రం జరిగి, ముందుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టును ఇంజనుకు కలుపుతుంది. ఆ షాఫ్టు ముందు చక్రాల మధ్యనున్న పెద్ద పళ్లచక్రాన్ని, అంటే ముందు క్రౌన్‌ను తిప్పుతుంది. క్రౌన్ నుంచి రెండు యాక్సిల్ రాడ్లు కుడికి ఒకటి, ఎడమకు ఒకటి పోతాయి. రాడ్డు చివర చక్రం ఉంటుంది గానీ, ఆ రెండూ నేరుగా అతుక్కుని ఉండవు. వాటి మధ్యలో కూర్చున్నదే హబ్బు లాకు. లాకు పడితే రాడ్డూ చక్రమూ ఒకటవుతాయి. పడకపోతే రాడ్డు లోపల ఒట్టిగా తిరుగుతుంది, చక్రం తన బేరింగు మీద తాను ఉంటుంది.

లైటు విషయానికి వస్తే, చాలా బండ్లలో ఆ లైటు ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గరున్న స్విచ్చుకు కట్టి ఉంటుంది. అంటే లోపల లివరు పని జరిగిందని మాత్రమే అది చెప్తుంది. చక్రం దగ్గర హబ్బు పడిందా లేదా అన్నది దానికి తెలియదు. మీ బండిలో లైటు అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసినంతవరకే చెప్పింది. దాన్ని నమ్మి మీరు ఆక్సిలేటరు తొక్కుతూ పోయారు, వెనక చక్రాలు ఇంకా లోతుకు దిగాయి. ఇది మన దగ్గర చాలామందికి జరుగుతుంది.

ఇప్పుడు ఇంకో సంగతి, ఇది కొంచెం మనసు పెట్టి చదవండి. ముందు క్రౌన్‌లో బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాల అమరిక ఉంటుంది, దాన్నే డిఫరెన్షియల్ అంటారు. దాని స్వభావం ఏమిటంటే, రెండు వైపుల్లో ఎటు తేలిగ్గా తిరిగితే అటే తిప్పుతుంది. ఎడమ హబ్బు బాగానే లాకయి, కుడి హబ్బు పడలేదనుకోండి. కుడి రాడ్డుకు అడ్డమే లేదు కాబట్టి తిప్పుడంతా అటే పోతుంది. రాడ్డు లోపల గిర్రున తిరుగుతుంది, బయట చక్రం కదలదు. ఎడమ చక్రానికి కూడా బలం అందదు. అంటే ఒక్క హబ్బు చెడితే రెండు ముందు చక్రాలూ పోయినట్టే. అదే ముందు చక్రాల్లో ఒకటి బురదలో గిర్రున తిరిగి రెండోది కదలకుండా ఉందనుకోండి, అప్పుడు రెండు హబ్బులూ పడ్డాయనే లెక్క. ఒకవైపు హబ్బు పడకపోయి ఉంటే ఆ వైపు రాడ్డే ఒట్టిగా తిరిగేది, చక్రం తిరిగేదే కాదు. ఒక చక్రం మాత్రమే తిరగడం డిఫరెన్షియల్ లక్షణం, అది హబ్బు జబ్బు కాదు. ఈ తేడా తెలియక బాగున్న హబ్బుల్ని విప్పేసినవాళ్లను చూశాను.

మీ బండిలో లైటు వెలిగి, రెండు ముందు చక్రాలూ కదల్లేదు. కాబట్టి కనీసం ఒక హబ్బు పడటం లేదు. ఇది నూటికి నూరు పాళ్లు తేల్చుకోవాలంటే పొడి మట్టి మీద బండి పెట్టి ఒక పరీక్ష చేయండి. తారు రోడ్డు మీద వద్దు, చెలక నేల మీద చేయండి. ఫోర్ హైలో వేసి పది మీటర్లు తిన్నగా నెమ్మదిగా పోయి, అప్పుడు స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా కదిలించండి. ముందు చక్రాలు నిజంగా లాగుతుంటే స్టీరింగు బిగుసుకున్నట్టు, ఎవరో వెనక్కి పట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. టూ హైలో, అంటే వెనక చక్రాలే లాగే మామూలు గేరులో తిరిగినంత హాయిగా తిరిగిందంటే ముందుకు బలం పోవడం లేదు. తర్వాత మెకానిక్ దగ్గర ముందు భాగాన్ని స్టాండ్ల మీదికి ఎత్తించండి, ఒట్టి జాకీ మీద నమ్మి కింద దూరొద్దు. ఒకరు చక్రం గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు కింద యాక్సిల్ రాడ్డును చేత్తో తిప్పాలి. చాలా రకాల ఆటోమేటిక్ హబ్బుల్లో కొంచెం తిప్పగానే టక్కున పట్టుకోవాలి, వెనక్కి తిప్పితే వదలాలి. ఏ వైపు పట్టుకోవడం లేదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఆటోమేటిక్ హబ్బు ఎలా పడుతుందో తెలిస్తే ఎందుకు చెడుతుందో కూడా తెలుస్తుంది. మీ బండి కాలం నాటి హబ్బుల్లో లోపల ఏటవాలుగా కోసిన ఒక క్యామ్ ఉంటుంది. ఇంజను నుంచి బలం వచ్చి రాడ్డు తిరగడం మొదలుపెట్టగానే, దాన్ని కొంచెం ఆపి పట్టే ఒరిపిడి భాగం ఒకటి లోపల ఉంటుంది. ఆ ఒరిపిడి వల్ల క్యామ్ మీద పళ్ల రింగు పక్కకు జరిగి చక్రంలోని పళ్లలో కూర్చుంటుంది. ఆ జరుగుడు చాలా చిన్నది. దానికి వెనక సన్నటి స్ప్రింగులు, చిన్న చిన్న ముక్కలు. అన్నీ శుభ్రంగా, పలచటి గ్రీజుతో ఉంటే చక్కగా పనిచేస్తాయి. మట్టి చేరినా, నీళ్లు దిగి గ్రీజు పాల రంగులోకి మారినా, ఏళ్ల తరబడి విప్పకపోయి గ్రీజు గట్టిపడ్డా అది జరగదు.

ఇక్కడ నాకు బాధ కలిగించిన సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నా సొంత బండికి ఇలాంటి హబ్బులే ఉండేవి. ఒక షెడ్డులో వీల్ బేరింగులు మార్పించాను. అక్కడి కుర్రవాడు మంచి ఉద్దేశంతోనే బేరింగులకు వాడే చిక్కటి గ్రీజును హబ్బు లోపలంతా కుక్కి పంపాడు. బయటికి చూస్తే ఎంత బాగా చేశాడో అనిపిస్తుంది. ఆ గ్రీజులో క్యామ్ కదలలేక హబ్బులు పడటం మానేశాయి. నెల రోజుల తర్వాత మన్ననూరు అవతల అడవి అంచున ఎర్రమట్టి ఎత్తు ఎక్కుతుంటే అది నాకు తెలిసింది. అప్పటికి చీకటి పడింది, వెనక ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. అందుకే మీ మెకానిక్‌ను హబ్బు మార్చే ముందు ఒకసారి విప్పి, కిరసనాయిలుతోనో డీజిలుతోనో కడిగి, ఆరబెట్టి, పలచటి గ్రీజు కొద్దిగా రాసి మళ్లీ బిగించి చూడమనండి. ఒక్క కడుగుడుతో లేచి కూర్చున్న హబ్బులు చాలా ఉన్నాయి. స్ప్రింగు విరిగినా, క్యామ్ అంచు అరిగినా మాత్రం కడిగి లాభం లేదు.

కడిగాక పనిచేసింది అనుకుందాం. అప్పుడు ఆటోమేటిక్‌నే ఉంచుకోవచ్చా? మీరు ఊరికీ హైదరాబాదుకీ మాత్రమే తిరిగేవారైతే ఉంచుకోండి అనేవాణ్ణి. కానీ మీ తోట బాటలో నల్లరేగడి ముక్క ఉంది. అక్కడ దిగబడితే మనందరం చేసే పని బండిని ముందుకూ వెనక్కూ ఊపడం. ఈ రకం హబ్బుకు గిట్టనిది సరిగ్గా అదే. రాడ్డు తిరిగే దిక్కు మారగానే క్యామ్ వదులుతుంది, మళ్లీ అటువైపు పట్టుకోవాలి. ఆ మధ్యలో క్షణం పాటు ముందు చక్రాలకు బలం ఉండదు, తర్వాత ఒక్కసారిగా టంగుమని పడుతుంది. ఆ దెబ్బకే చిన్న పళ్లు చిట్లుతాయి. ఏటవాలు దిగేటప్పుడు కూడా ఇంతే. మీరు ఆక్సిలేటరు వదిలి ఇంజను మీద బండిని ఆపాలనుకుంటారు. అప్పుడు చక్రం రాడ్డును తోస్తుంది గానీ రాడ్డు చక్రాన్ని తొయ్యదు. కొన్ని పాత రకం హబ్బులు ఆ సమయంలో వదిలేస్తాయి, ఇంజను పట్టు వెనక చక్రాలకే మిగులుతుంది. డిండి నుంచి అచ్చంపేట వైపు గుట్టల్లో తడి బాట దిగినవాళ్లకు దీని అర్థం తెలుసు.

అన్ని ఆటోమేటిక్‌లూ ఇలాంటివే అనుకోవద్దు. ఇప్పుడొచ్చే జిమ్నీ లాంటి బండ్లలో లివరు వేయగానే వాక్యూమ్‌తో, అంటే గాలిని పీల్చే బలంతో హబ్బు లాకవుతుంది. అందులో తిరిగే దిక్కుతో పని లేదు, ముందుకైనా వెనక్కైనా పట్టు ఉంటుంది. దాని బలహీనత సన్న గొట్టాలు, సీళ్లు. అవి బాగున్నంతకాలం మంచి ఏర్పాటే. మీది ఆ రకం కాదు కాబట్టి దాని గురించి ఇంతటితో ఆపుతాను.

చేత్తో తిప్పే హబ్బు చాలా పాత ఆలోచన. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన జీపులు అమెరికాలో జనం చేతికి వచ్చాయి. రోడ్డు మీద తిరుగుతుంటే ముందు రాడ్లు, క్రౌన్ అన్నీ పని లేకుండా తిరుగుతూ అరిగేవి. 1948లో ఆర్థర్ వార్న్ అనే ఆయన, అవసరం లేనప్పుడు చక్రాన్ని రాడ్డు నుంచి విడదీసే హబ్బును అమ్మకానికి తెచ్చాడు. మన దగ్గర జిప్సీ వాడినవాళ్లకు ముందు చక్రం మధ్యలో ఫ్రీ, లాక్ అని రాసున్న ఆ గుండ్రటి బిళ్ల బాగా గుర్తుంటుంది. దాని గొప్పతనం ఒక్కటే. లాక్ మీద ఉందో ఫ్రీ మీద ఉందో కంటితో చూడొచ్చు, వేలితో తడిమి తెలుసుకోవచ్చు. లోపల పళ్ల రింగును మీ చెయ్యే జరిపింది, అది జరిగిందో లేదో ఊహించనవసరం లేదు.

ఇక మీ అసలు భయం గురించి. మాన్యువల్ అంటే దిగబడ్డాక దిగి తిప్పాలని అందరూ అనుకుంటారు. మీ మెకానిక్ కూడా అలాగే చెప్పాడు. మీ విషయంలో అది తప్పు. హబ్బు లాక్‌లో ఉన్నంత మాత్రాన బండి ఫోర్ వీల్‌లోకి పోదు. లివరు టూ హైలో ఉంటే, హబ్బులు లాక్ అయి ఉన్నా ముందు చక్రాలు ఒట్టి రాడ్లను తిప్పుతూ పోతాయి అంతే. తారు రోడ్డు మీద కూడా ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి జూన్‌లో మొదటి వాన పడగానే, ఇంటి ముందు, పొడి నేల మీద, రెండు హబ్బులూ లాక్ చేయండి. వరి కోతలు అయిపోయి నవంబర్‌లో బాట గట్టిపడ్డాక ఫ్రీ చేయండి. ఆ ఐదారు నెలలు మీ భార్య చేయాల్సింది లివరు లాగడమే, చక్రం దగ్గర కూర్చునే పని ఆమెకు రాదు. చక్రం దగ్గర వంగాల్సిన పని ఎప్పుడు పడినా, అది మీరు చేయండి.

ఇందులో ఇంకో లాభం ఉంది. హబ్బులు లాక్‌లో ఉంటే ముందు రాడ్లు, షాఫ్టు అన్నీ చక్రాలతో సమానంగా తిరుగుతూనే ఉంటాయి. అందుకని లివరు టూ హై నుంచి ఫోర్ హైకి మెత్తగా పడుతుంది. చాలా బండ్లలో నెమ్మదిగా పోతూ కూడా మార్చవచ్చు, ఎంత వేగం వరకు అన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. బురద కనిపించగానే, అందులోకి దిగకముందే ఆమె వేసేసుకోవచ్చు. దిగబడ్డాక వేసిన ఫోర్ వీల్ కంటే దిగబడకముందు వేసిన ఫోర్ వీల్ పది రెట్లు విలువైనది, ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా సరిపోదు.

దీనికి కొంత ఖర్చు ఉంది, దాచను. లాక్‌లో నడిపినన్ని రోజులు ముందు క్రౌన్, జాయింట్లు, షాఫ్టు తిరుగుతాయి, అంత మేరకు అరుగుతాయి. డీజిలు కొంచెం ఎక్కువ తాగుతుంది, కానీ మీ జేబుకు తెలిసేంత తేడా ఉండదని నా అనుభవం. కొన్ని పాత బండ్లలో వేగంగా పోయేటప్పుడు ముందు నుంచి సన్నటి వణుకు, గుయ్యిమనే చప్పుడు వస్తాయి. మీకు వారానికి రెండుసార్లు హైదరాబాద్ ప్రయాణం ఉంది కదా. వానలు తెరిపిచ్చిన వారం అయితే పొద్దున ఇంటి దగ్గర ఫ్రీ చేసుకుని పోండి, తిరిగొచ్చాక లాక్ చేయండి. ముసురు పట్టిన వారం అయితే అలాగే పోయి రండి, ఏమీ కాదు. తోట బాటకు మీ ఇంటి నుంచే దారి అయితే, అక్కడ మరిచిపోయే నష్టంతో పోలిస్తే ఈ అరుగుడు చిన్నది.

అయితే ఒక్క విషయంలో మీరూ ఆమే ఇద్దరూ గట్టిగా ఉండాలి. పొడి తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద లివరు ఫోర్‌లో ఉండకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. మీ బండిలో ముందుకూ వెనక్కూ మధ్య ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. బురదలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికలా పేరుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, లివరు తీద్దామంటే రాదు. అలా ఎప్పుడైనా బిగుసుకుంటే బలంగా గుంజకండి. బండిని తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కి పోనిస్తే మెలిక విప్పుకుంటుంది, లివరు దానంతట అదే వదులవుతుంది.

లాక్ చేసేటప్పుడు రెండు చక్రాలూ చూసుకోండి అన్నది వినడానికి చిన్న మాట. నేను మాన్యువల్ హబ్బులకు మారిన మొదటి వానాకాలం, ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు డ్రైవరు వైపు లాక్ చేసి, ఫోను వస్తే మాట్లాడుతూ రెండో వైపు మరిచిపోయాను. మరునాడు కృష్ణ ఒడ్డున ఇసుకలో దిగబడ్డాను. లివరు ‘ఫోర్ లో’ వరకు, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేరు దాకా వేసినా ముందు చక్రాలు కదల్లేదు. పైన చెప్పాను కదా, ఒకవైపు ఫ్రీ ఉంటే రెండు వైపులా పోతుందని. బండి చెడిపోయిందనే అనుకుని రెండు గంటలు మట్టి తవ్వాను. చివరికి టైరు ముందు కూర్చుని తుడిస్తే ఫ్రీ అన్న అక్షరాలు కనిపించాయి. తిప్పాను, బండి బయటికి వచ్చేసింది. అప్పటి నుంచి నాకొక అలవాటు. ముందు ఎడమ, తర్వాత కుడి, ఎప్పుడూ అదే వరస. తిప్పాక రెండు బిళ్లల మీదా చెయ్యి పెట్టి చూసి గానీ బండి ఎక్కను. మీ పిల్లలు కొంచెం పెద్దవాళ్లైతే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి, పిల్లలు మరిచిపోరు.

తిప్పేటప్పుడు బిళ్ల చివరిదాకా పోవాలి. సగంలో ఆగితే పళ్లు అంచుల మీదే పట్టుకుంటాయి, బలం పడగానే చిట్లుతాయి. కొన్నిసార్లు బిళ్ల మధ్యలో ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, లోపల పన్నుకు పన్ను ఎదురుగా వచ్చింది. బండిని అర అడుగు ముందుకు జరిపి మళ్లీ తిప్పితే కూర్చుంటుంది. కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పొద్దు. చేతి వేళ్లతో తిరగాల్సిన వస్తువు పానాతో తిరుగుతోందంటే లోపల దుమ్ము ఉందనో గ్రీజు ఎండిందనో అర్థం, విప్పి కడగాలి. ఎండాకాలంలో ఫ్రీలో పెట్టి ఆర్నెల్లు అలాగే వదిలేయకండి. నెలకొకసారి లాక్ చేసి, లివరు టూ హైలోనే ఉంచి, పది పదిహేను కిలోమీటర్లు నడపండి. ముందు క్రౌన్‌లోని ఆయిలు అన్నిటికీ అందుతుంది, సీళ్లు ఎండిపోవు.

మీలాంటి వాళ్లు కొందరికి నేను ఆటోమేటిక్‌నే ఉంచుకోమంటాను. ఉదాహరణకు గద్వాలలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటూ, నెలకు ఒకటి రెండుసార్లు చెలక పొలం చూసి వచ్చే ఉద్యోగి. చెలక నేలలో వాన వెలిసిన గంటకే నీళ్లు ఇంకిపోతాయి, బండి లోతుకు దిగదు. నడిపేవాళ్లు మారుతూ ఉండి, ఎవరికీ హబ్బు గురించి గుర్తు ఉండని ఇంట్లో కూడా, బాగున్న ఆటోమేటిక్ మాన్యువల్ కంటే మేలు. మరిచిపోయిన మాన్యువల్ హబ్బుకూ చెడిపోయిన ఆటోమేటిక్ హబ్బుకూ బురదలో తేడా ఏమీ లేదు. వాళ్లకు నేను చెప్పేది రెండే. ఫోర్‌లోకి వేసేటప్పుడు బండిని పూర్తిగా ఆపి వేయండి, వేశాక తిన్నగా కొంచెం ముందుకు పోనివ్వండి. తీసేటప్పుడు టూ హైలో వేసి తిన్నగా రెండు మూడు మీటర్లు వెనక్కి పోండి, అప్పుడే హబ్బులు వదులుతాయి. వెనక్కి పోకుండా రోడ్డెక్కితే సగం పట్టుకుని కటకటమంటూ అరుగుతాయి. మీరు ఈ వెనక్కి పోయే పని ఎప్పుడైనా చేశారా? బండి అమ్మినవాళ్లు చెప్పి ఉండరు. మీ హబ్బులు చెడిపోవడానికి అదీ ఒక కారణం అయి ఉండవచ్చు.

మీకు మాత్రం నా సలహా మాన్యువలే. కొనేటప్పుడు ధర చూసి కొనొద్దు, పళ్లు చూసి కొనండి. యాక్సిల్ రాడ్డు చివర ఉండే సన్న పళ్ల, అంటే స్ప్లైన్ల లెక్క, హబ్బు బోల్టుల లెక్క, వాటి మధ్య దూరం మీ బండికి సరిపోవాలి. ఒకే బండిలో వేర్వేరు సంవత్సరాలకు ఇవి మారుతుంటాయి. కాబట్టి పాత హబ్బు విప్పి చేత్తో పట్టుకుని దుకాణానికి పోయి పక్కన పెట్టి పోల్చండి. తిప్పే బిళ్ల లోహానిదై ఉంటే మంచిది, ప్లాస్టిక్‌ది ఒక రాయి తగిలితే పగులుతుంది. కొన్ని బండ్లలో ఆటోమేటిక్ తీసేసినప్పుడు లోపలి బేరింగు నట్టు, లాక్ వాషరు కూడా మార్చాల్సి వస్తుంది, పాతవే పెడితే బేరింగు బిగింపు నిలవదు. ఈ సంగతి మెకానిక్‌ను ముందే అడగండి. ఓ రింగులు, పేపరు గ్యాస్కెట్లు కొత్తవే వేయించండి. వారం తిరిగాక బోల్టుల బిగుతు మళ్లీ చూపించండి, చక్రాన్ని ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే బేరింగు వదులుందో లేదో తెలుస్తుంది.

నీళ్ల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. చాలాదూరం నడిచి వేడెక్కిన హబ్బు చల్లటి వాగు నీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. మాన్యువల్ అయినా ఆటోమేటిక్ అయినా ఇంతే. వీలైతే దిగేముందు పది నిమిషాలు ఆగండి. నీళ్లలో మునిగిన తర్వాత ఆ వారంలోనే ఒక హబ్బు మూత విప్పి గ్రీజు రంగు చూడండి. తెల్లగా పాలలా ఉంటే రెండూ కడిగించాలి. ఇక పారే వాగు అయితే హబ్బుల మాటే వద్దు, ఆగిపోండి. రెండడుగుల లోతు ప్రవాహం చాలు, పెద్ద జీపును కూడా కొట్టుకుపోవడానికి. నాలుగు చక్రాలూ లాగేది నేల మీద, బండి తేలితే నేలే ఉండదు. మీ నాయనను దవాఖానకు తీసుకుపోయే రోజైనా సరే, వాగు పారుతుంటే చుట్టు తిరిగి పోవాలని ఇంట్లో అందరూ ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

మీ టైర్ల గురించి మీరు రాయలేదు. రోడ్డు టైర్లే అయితే నల్లరేగడిలో గాళ్లన్నీ మట్టితో నిండి టైరు నున్నటి గుండులా అవుతుంది, అప్పుడు నాలుగు చక్రాలూ కలిసి జారుతాయి. హబ్బులు వేయించాక కూడా ఆ ముక్క దాటకపోతే టైర్లే చూడాలి. నిజానికి ఆ ముక్క ఎంత పొడుగుందో నాకు తెలియదు గానీ, పాతిక ముప్పై అడుగులే అయితే ఎండాకాలంలో రెండు ట్రాక్టర్ల మొరం పోయించడం అన్నిటికంటే తేలికైన దారి. ట్రాక్టరు బత్తాయి లోడుతో పోయేటప్పుడు కూడా పనికొస్తుంది.

ముందుగా హబ్బులు కడిగించి చూడండి. కడిగాక రెండూ పనిచేసినా సరే మాన్యువల్‌కు మారండి, పాతవాటిని అమ్మేయొద్దు, పారేయొద్దు. పలచగా గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి, వాటి బోల్టులతో సహా ఒక డబ్బాలో పెట్టి ఇంట్లో ఉంచండి. ఎప్పుడైనా కొత్త హబ్బు పళ్లు చిట్లితే విడి భాగం దొరికేదాకా అవి మీ బండిని నడిపిస్తాయి. జూన్‌లోపు ఈ పని పెట్టుకోండి, వానలు మొదలయ్యాక ఏ షెడ్డులోనూ బండి ఎత్తడానికి చోటు దొరకదు.